"ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగకుండా పిల్లలతో సాహిత్యం చదవడం ఎలా?

#1 సీతమ్మధార_శారద

అందరికీ నమస్కారం. విశాఖ సీతమ్మధారలో ప్రతి ఆదివారం పొద్దున్న ఒక గంట పిల్లలతో తెలుగు సాహిత్యం చదివించాలని నలుగురం అనుకున్నాం. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పన్నెండు మంది వస్తారు. సగం పైగా ఇంగ్లీషు మీడియం వాళ్ళు. తెలుగు బాగానే మాట్లాడతారు గానీ చదవమంటే కూడబలుక్కుంటారు. తల్లిదండ్రులు అడుగుతున్నది ఒకటే, పిల్లలకు నాలుగు మంచి విలువలు పట్టుబడాలని.

పుస్తకాల పేర్లు చెప్పి వదిలేయకండి. ఏ రచన తీసుకోవాలి, నిడివి ఎంత ఉండాలి, చదువుతూ ఎక్కడ ఆగాలి, ఏం అడగాలి, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

#2 గాజువాక_తెలుగుమాస్టారు

శారదమ్మా, మంచి పని తలపెట్టారు. ముందు ఒక్క మాట. "ఈ కథలో నీతి ఏమిటి?" అన్న ప్రశ్నను ఆ గదిలోకి రానివ్వకండి. అది వినగానే పిల్లలు కథను వదిలేసి పరీక్ష జవాబు వెతుక్కుంటారు. "అబద్ధమాడరాదు", "పెద్దలను గౌరవించాలి" అన్న జవాబులు పదో తరగతి పిల్లవాడికి కథ చదవకుండానే వచ్చు. చదవకపోయినా వచ్చే జవాబు కోసం అంత కథ చదివించడం ఎందుకు?

దాదాపు ప్రతి మంచి కథలోనూ ఒక పాత్ర రెండు దారుల మధ్య నిలబడే చోటు ఉంటుంది. సరిగ్గా అక్కడ ఆపి, పుస్తకం మూయించండి. మూడే అడగండి. ఈ మనిషి ముందు ఏయే దారులున్నాయి? ఒక్కో దారిలో నష్టపోయేది ఎవరు, ఎంత? ఇతను ఏం చేస్తాడని నీకు అనిపిస్తోంది? ఆ తర్వాత మిగతాది చదవండి. మంచి పనికి ఖర్చు ఉంటుందని పిల్లలు గ్రహించేది ఆ విరామంలోనే. పాత్రకు పైసా నష్టం లేకుండా మంచివాడైపోయే కథలు తీసుకుంటే చర్చ ఐదు నిమిషాలు కూడా నిలవదు.

గంటను ఇలా పంచుకోండి. మొదటి మూడు నిమిషాలు రచయిత పేరు, కాలం, కష్టమైన నాలుగైదు మాటలకు అర్థాలు. అంతకు మించి పరిచయం వద్దు, కథ ముందే చెప్పేసినట్టవుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు పెద్దవాళ్ళే పైకి చదవాలి. పైకి చదివితే నిమిషానికి సుమారు వంద మాటలు సాగుతాయి, అంటే పదిహేను వందల మాటల భాగం. ఆపిన చోట ఐదు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి, మాట్లాడకూడదు. ఇరవై రెండు నిమిషాలు చర్చ. పది నిమిషాలు మిగతా భాగం. చివరి ఐదు నిమిషాలు ముందు రాసుకున్నది చూసుకుని, ఆలోచన మారితే దాని కింద రాసుకోవాలి. మొదటిది కొట్టేయకూడదు.

ఆ ఐదు నిమిషాల రాత చాలా ముఖ్యం. అది లేకపోతే గట్టిగా మాట్లాడే ఇద్దరు చెప్పిందే పన్నెండు మంది అభిప్రాయం అయిపోతుంది. ఆడపిల్లలు నోరు విప్పకపోవడానికి కూడా సగం కారణం అదే.

#3 మధురవాడ_కథాభిమాని

మాస్టారు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ అసలు ఉద్దేశం మీదే నాకు అభ్యంతరం ఉంది. సాహిత్యాన్ని విలువలు నేర్పే మందుగా వాడటం మొదలుపెడితే, మందుగా పనికొచ్చే రచనలే మిగులుతాయి. తప్పు చేసినవాడికి శిక్ష, మంచివాడికి బహుమతి. జీవితంలో అలా జరగడం లేదని పదమూడేళ్ళ పిల్లలకు బాగా తెలుసు. ఆ రకం కథలు నాలుగు వింటే ఐదోదాన్ని నమ్మరు. ఆ అపనమ్మకం సాహిత్యం మొత్తానికీ అంటుకుంటుంది. కాబట్టి శారదగారూ, తల్లిదండ్రులతో ముందే చెప్పండి, ఇక్కడ చెడ్డవాళ్ళు గెలిచే కథలూ చదువుతామని.

#4 గాజువాక_తెలుగుమాస్టారు

మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎక్కడ ఆపాలో అంత పట్టుగా చెప్పింది కూడా అందుకే. ముగింపు ఎలా ఉన్నా సరే, నిర్ణయం దగ్గర పిల్లవాడు చేసిన ఆలోచన వాడిది.

చిన్నవాళ్ళకు నీతికథలు కూడా అలాగే చదివించవచ్చు. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రలాభంలో పావురాల కథ అందరికీ తెలిసిందే, "ఐకమత్యమే బలం" అని ముగిస్తాం. కథలో అంతకంటే లోతైన చోట్లు రెండున్నాయి. మనుషులు లేని అడవిలో నూకలు ఎక్కడి నుంచి వచ్చాయని పావురాల నాయకుడు చిత్రగ్రీవుడు ముందే అనుమానించాడు. అతని మాట కాదని దిగారు, వలలో పడ్డారు. దిగుదామన్నవాణ్ణి అందరూ తిట్టడం మొదలుపెట్టారు. నాయకుడిగా అతనికి "నేను చెప్పలేదా?" అనే హక్కు పూర్తిగా ఉంది. మొదట అక్కడ ఆపండి. అతను తిట్టనివ్వడు, ఇప్పుడు చేయవలసింది ఏమిటో చెబుతాడు. రెండోది, ఎలుక హిరణ్యకుడు స్నేహితుడైన చిత్రగ్రీవుడి కట్లే ముందు కొరకబోతాడు. ముందు నావాళ్ళవి కొరకమంటాడు చిత్రగ్రీవుడు. నా పళ్ళు అంత గట్టివి కావు, అందరివీ అయ్యేదాకా ఆగుతాయో లేదో అంటుంది ఎలుక. అంటే చివరివాడి కట్లు తెగకపోవచ్చు, ఆ చివరివాడు నాయకుడే. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ చోట అరగంట వాదించుకోగలరు. క్లాస్ లీడరు, క్రికెట్ కెప్టెన్ వాళ్ళంతట వాళ్ళే చర్చలోకి వస్తారు.

చిన్నయసూరి భాష గ్రాంథికం. కథ వాడుక మాటల్లో చెప్పి, మూలం నుంచి ఒక్క పేరా మాత్రం పైకి చదవండి, ఆ నడక చెవిన పడటానికి. మొత్తం మూలంలో చదివితే పావుగంటలో పిల్లలు చేజారిపోతారు.

#5 ఎంవీపీ_లలిత

పెద్ద పిల్లలకు నా మొదటి ఎంపిక గురజాడ 'దిద్దుబాటు' (1910). గురజాడ పుట్టిన ఎస్. రాయవరం మనకు దగ్గరే. కథ నాలుగైదు పేజీలు, ఒక్క విడతలో అయిపోతుంది. రాత్రి పొద్దుపోయాక గోపాలరావు ఇంటికి వస్తాడు, చదువుకున్న భార్య కమలిని ఇంట్లో ఉండదు. బల్ల మీద జాబు ఉంటుంది. చివరికి ఆమె మంచం కింద నుంచి నవ్వుతూ బయటికి వస్తుంది.

అందరూ ఆపే చోటు జాబు దగ్గర. అంతకు ముందే ఇంకో చోటు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నౌకరు రాముడు కనబడగానే గోపాలరావు కోపంతో వాడి వీపు మీద కొడతాడు. వాడు కూలబడతాడు. వెంటనే పశ్చాత్తాపపడి లేవదీస్తాడు. ఆ తర్వాత సంభాషణలో, ఆడవాళ్ళు చదువుకుంటే ఇంతే అన్నట్టు రాముడు మాట్లాడితే, విద్య విలువ నీకేం తెలుసని గోపాలరావు అంటాడు. స్త్రీ విద్య గురించి అంత మంచి మాట అన్న మనిషి, ఆ మాటకు కాస్త ముందే తన కింద పనిచేసేవాణ్ణి కొట్టాడు. గురజాడ వ్యాఖ్య ఏమీ చేయడు, పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు.

ఇక్కడ అడగవలసినది: ఈ కథలో క్షమాపణ ఎవరెవరికి అందాలి? ఎవరికి అందింది? మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి ఉన్న బృందంలో "కమలిని చేసింది ఒప్పా తప్పా?" అని చేతులెత్తించకండి. మగపిల్లలంతా ఒక వైపు, ఆడపిల్లలంతా ఒక వైపు అయిపోయి, ఆ తర్వాత కథ ఎవరికీ గుర్తుండదు. చీటీల మీద రాయించి, పేర్లు లేకుండా కలిపి, మీరే చదివి వినిపించండి.

ఇంట్లో పనిచేసే మనిషితో మనం ఎలా మాట్లాడతామన్న సంగతి ఈ కథ తర్వాత పిల్లలే ఎత్తుతారు. మీరు ఎత్తకండి.

#6 అక్కయ్యపాలెం_సత్యం

లలితగారు చెప్పిన ఆఖరి మాట గట్టిగా పట్టుకోవాలి. పిల్లల సొంత జీవితం గురించి పెద్దలు అడగకూడదు. "నువ్వెప్పుడైనా అబద్ధం ఆడావా?", "మీ ఇంట్లో ఇలా జరుగుతుందా?" అన్నవి పనికిరావు. నలుగురిలో తప్పు ఒప్పించినట్టవుతుంది. తర్వాతి వారం సగం మంది రారు, వచ్చినవాళ్ళు మంచివాళ్ళుగా నటిస్తారు. పాత్ర గురించి అడగండి చాలు. తన గురించి ఆలోచించుకోవడం వాడి ఏకాంతంలో జరగనివ్వండి.

#7 పెదవాల్తేరు_పద్యప్రియ

కథలతో పాటు పద్యానికీ చోటివ్వండి. నిజం, అబద్ధం మీద పోతన భాగవతం అష్టమ స్కంధంలో బలిచక్రవర్తి ఘట్టాన్ని మించినది నాకు కనిపించదు. కారణం, అక్కడ అబద్ధమాడమని సలహా ఇస్తున్నవాడు సాక్షాత్తూ గురువు.

శుక్రుడు చెప్పే పద్యం "వారిజాక్షులందు వైవాహికములందు" అని మొదలై "బొంకవచ్చు నఘము పొంద దధిప" అని ముగుస్తుంది. ఆడవారి విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు, భయపడిన గోవులను, బ్రాహ్మణులను కాపాడేటప్పుడు అబద్ధమాడితే పాపం లేదంటాడు. ఈ జాబితాను బోర్డు మీద విడివిడిగా రాసి, ఒక్కోదాని ఎదుట ఒప్పుకుంటావా లేదా, ఎందుకు అని రాయించండి. ప్రాణం కాపాడే అబద్ధాన్ని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ధనం దగ్గర తగువు మొదలవుతుంది. మొదటి రెండూ ఎందుకున్నాయని ఆడపిల్లలు నిలదీస్తారు, నిలదీయాలి కూడా. అది ఆనాటి లోకం మాట అని చెప్పి దాటేయకుండా, ఇవాళ పెళ్ళి సంబంధాల్లో ఏం దాస్తున్నారో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఆ తర్వాత బలి జవాబు, "తిరుగన్ నేరదు నాదు జిహ్వ". మామూలుగా ఇక్కడ "ఆడిన మాట తప్పరాదు" అని ముగించేస్తారు. అదే పద్యంలో "కులాంతమైన" అని కూడా ఉంది. తన వంశం నాశనమైనా సరే అంటున్నాడు. తన మాట కోసం తను నష్టపోవడం ఒక సంగతి, తనవాళ్ళను కూడా నష్టపెట్టే హక్కు ఉందా? ఇంటర్ పిల్లలకు ఇది సరైన ప్రశ్న. దీనికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండకూడదు.

పద్యం మూడుసార్లు వినిపించాలి. ఒకసారి రాగంతో, ఒకసారి పదాలు విడగొట్టి నెమ్మదిగా, అర్థం చెప్పాక మళ్ళీ రాగంతో. మొదటిసారే అర్థంలోకి దిగితే పద్యం పోయి పాఠం మిగులుతుంది.

#8 గోపాలపట్నం_రమణ

అన్యాయం చూస్తూ ఊరుకోవడం గురించి ఏదైనా పద్యం ఉందా అండీ? బడిలో ఒకణ్ణి నలుగురు ఏడిపిస్తుంటే మిగతా పిల్లలు చూస్తూ ఉండిపోవడం ఇప్పుడు పెద్ద సమస్య. వాట్సాప్ గ్రూపుల్లో మరీ ఎక్కువ.

#9 పెదవాల్తేరు_పద్యప్రియ

ఉంది రమణగారూ, తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవ సభలో చెప్పే "సారపు ధర్మమున్ విమల సత్యము" పద్యం. ధర్మం పాపం చేత, సత్యం అబద్ధం చేత చెడిపోయే స్థితి వచ్చినప్పుడు, ఆపగలిగి కూడా ఊరుకున్నవాళ్ళకే అది చేటు అంటాడు. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అన్న ముక్కలో "దక్షులు" అన్న మాట మీద ఆగండి. శక్తి ఉన్నవాళ్ళను అంటున్నాడు, అందరినీ కాదు. గ్రూపులో దక్షులెవరు? అడ్మిన్, క్లాస్ లీడరు, ఏడిపించేవాడి దగ్గరి స్నేహితుడు. కొత్తగా చేరిన పిల్లవాడు కాదు. ఈ తేడా తెలిస్తే పిల్లలకు భారం తగ్గుతుంది, బాధ్యత ఎవరిదో స్పష్టమవుతుంది.

దీనికి జోడీగా సభాపర్వంలో వికర్ణుణ్ణి పెట్టండి. ద్రౌపది ప్రశ్నకు పెద్దలంతా నోరెత్తకుండా కూర్చున్న సభలో లేచి మాట్లాడినవాడు దుర్యోధనుడి తమ్ముడే. కర్ణుడు అతన్ని చిన్నవాడివని గద్దిస్తాడు. అతని మాట నెగ్గలేదు, జరిగేది ఆగలేదు. "మరి మాట్లాడి ఏం లాభం?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు కనీసం పది నిమిషాలు కేటాయించుకోండి.

#10 ఎంవీపీ_లలిత

వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి, సుమతీ శతకంలో "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యాన్ని ఫార్వర్డుల మీద ప్రయోగించండి. పద్యంలోనే వరుస ఉంది. ఎవరు చెప్పినా వినాలి, విన్న వెంటనే తొందరపడకూడదు, విడదీసి చూడాలి, కల్ల ఏదో నిజం ఏదో తేల్చుకోవాలి. ఒక ఫార్వర్డు ప్రింటు తీసి ఇవ్వండి. రాసిందెవరు, ఎప్పటిది, ఏ ఊరిది, నమ్మితే ఎవరికి లాభం అని నాలుగు వరుసల్లో నింపించండి. మతం, రాజకీయం ఉన్నవి మొదటి నెలలో వద్దు. ఆరోగ్య చిట్కాలు, ఉద్యోగ ప్రకటనలు, స్కాలర్‌షిప్ లింకులు సరిపోతాయి.

శతకాలతో జాగ్రత్త కూడా అవసరం. సుమతిలోనూ, వేమన పేరు మీద ఉన్న పద్యాల్లోనూ ఆడవాళ్ళను, కొన్ని కులాలను కించపరిచేవి ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు పద్యాలు ముందే ఏరి పెట్టుకోండి, పుస్తకం చేతికిచ్చి నచ్చింది చదవమనకండి. ఇంటర్ వాళ్ళ దగ్గర దాచనక్కర్లేదు. "ఆత్మశుద్ధి లేని యాచారమది యేల" అన్న పద్యం పక్కన అలాంటిదొకటి పెట్టి, రెండూ ఒకే పేరు మీద ఎలా ఉన్నాయో ఆలోచించమనండి. ఆ పద్యాలు చాలాకాలం జనం నోట నడిచి, ఆ తర్వాత పుస్తకాల్లోకి ఎక్కాయని అప్పుడు చెప్పవచ్చు.

#11 మహారాణిపేట_ప్లీడరు

విశాఖలో కూర్చుని రావిశాస్త్రిని, కారాను, చాసోను వదిలేస్తే ఎలా? పిల్లలు రోజూ నడిచే వీధుల్లోంచి, వినే యాసలోంచి వచ్చిన కథలవి.

కారా, అంటే కాళీపట్నం రామారావు మాస్టారు, ఈ ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేశారు. 'జీవధార' తీసుకోండి. నీళ్ళ కోసం పేటలోని ఆడవాళ్ళు ఒక పెద్దింటి గేటు దాకా వెళ్ళే కథ. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టడం చూసిన పిల్లలకు వివరించాల్సింది ఏమీ ఉండదు. నీళ్ళు ఎవరివి, గోడ ఎవరిది, అడగడానికీ లాక్కోవడానికీ మధ్య గీత ఎక్కడుంది? 'యజ్ఞం' గొప్ప కథే, కానీ పొడుగు ఎక్కువ, ముగింపు చాలా తీవ్రం. పద్దెనిమిది దాటినవాళ్ళకు ఉంచండి.

రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో 'మాయ' ఇంటర్ వాళ్ళకు పనికొస్తుంది. కొత్తగా కోటు వేసుకున్న కుర్ర ప్లీడరు, సారా కేసులో ముత్యాలమ్మ. చట్టం, న్యాయం ఒకటేనా అన్న ప్రశ్నను ఏ పౌరశాస్త్రం పుస్తకమూ ఇంత పదునుగా అడగదు. ముత్యాలమ్మ మాటలను మన ఉత్తరాంధ్ర యాస సహజంగా వచ్చినవాళ్ళ చేతే చదివించండి. అనుకరించబోయి వెక్కిరింపుగా చదివితే పిల్లలు నవ్వుతారు. నవ్వు వస్తే కథ ఆపి, ఈ మాటల్లో తప్పు ఏముందో చూపించమనండి. తన అమ్మమ్మ మాట్లాడే భాషను గౌరవించడం కూడా నేర్చుకోవాల్సిన విలువే, బహుశా ఇంగ్లీషు మీడియం పిల్లలకు అన్నిటికంటే అవసరమైనది.

శ్రీశ్రీ 1910లో ఇక్కడే పుట్టాడు. 'దేశచరిత్రలు' గేయంలో తాజమహల్‌కు రాళ్ళెత్తిన కూలీలెవరని అడుగుతాడు. ఆ ప్రశ్నను మన ఓడరేవుకు వేయండి. 1933లో రేవు తెరుచుకుంది. బురద తవ్వినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు, వాళ్ళకు వండిపెట్టినవాళ్ళు, ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు అంటూ పిల్లలు ఎన్ని రకాల మనుషులను ఊహించగలరో రాయించండి. తర్వాత వాళ్ళుండే అపార్ట్‌మెంటుకు అదే ప్రశ్న.

#12 కంచరపాలెం_అనూరాధ

చాసో (చాగంటి సోమయాజులు) గురించి ఒక హెచ్చరికతో చెబుతాను. 'ఎందుకు పారేస్తాను నాన్నా!' అందరూ సిఫారసు చేసే కథ. డబ్బు లేక చదువు ఆగిపోయిన కుర్రవాడు, వాణ్ణి చుట్టలు తెమ్మని పంపే తండ్రి. బడి ముందు నుంచి వెళ్ళవలసి రావడంలో ఆ పిల్లవాడి సిగ్గు. చదివితే గుండె పట్టేస్తుంది. అందుకే జాగ్రత్త. మీ పన్నెండు మందిలో ఫీజు కట్టలేని ఇంటి పిల్లవాడు ఒకడున్నా, ఆ గదిలో అందరి చూపూ వాడి మీదకు వెళ్తుంది, లేదా వెళ్తోందని వాడికి అనిపిస్తుంది. "పేదవాళ్ళ మీద జాలిపడాలి" అన్న దిశగా చర్చ పోతే వాడికి అవమానం. కాబట్టి జాలి గురించి అడగకండి. తండ్రి గురించి అడగండి. అతను చెడ్డ తండ్రా? అతనికి ఏం కనబడటం లేదు? కొడుకు నోరు విప్పి చెప్పలేనిది ఏమిటి? అప్పుడు అది తండ్రీకొడుకుల కథ అవుతుంది, గదిలో ఎవరూ వేరుపడరు.

జాషువా 'గబ్బిలం' (1941) విషయంలోనూ ఇంతే. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, కాబట్టి తన మొర శివుడి చెవిన వేయమని దాన్ని బతిమాలుకుంటాడు. ఈ ఒక్క ఊహ చాలు, ఉపన్యాసం అవసరం లేదు. గబ్బిలానికి ఉన్నది, మనిషికి లేనిది ఏమిటని అడగండి. కులం పేరు చెప్పి ఏ పిల్లవాణ్ణీ "నీకు ఎలా అనిపించింది?" అని ప్రత్యేకంగా అడగవద్దు.

#13 సీతమ్మధార_శారద

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో మూడు సందేహాలు. పుస్తకాలు జిరాక్సు తీయించవచ్చా? ప్రింటు ఎలా ఉండాలి? మూడు నెలల తర్వాత "మా వాడిలో మార్పేది?" అని తల్లిదండ్రులు అడిగితే ఏం చూపించాలి?

#14 ద్వారకానగర్_గ్రంథపాలకుడు

మొదటి రెండిటికీ నేను చెబుతాను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు. ఆయన రచనలు, చిన్నయసూరి, పోతన, తిక్కన, వేమన, సుమతి అన్నీ స్వేచ్ఛగా ప్రింటు తీసుకోవచ్చు. వీటికి ఈమధ్య ఎవరైనా రాసిన వ్యాఖ్యానం, ముందుమాట మాత్రం వాళ్ళదే. శ్రీశ్రీ 1983లో, రావిశాస్త్రి 1993లో, చాసో 1994లో, కారా 2021లో పోయారు. వీళ్ళ పుస్తకాలు కొనండి. పన్నెండు మందికి నాలుగు ప్రతులు చాలు, ముగ్గురికి ఒకటి. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో ఒకసారి అడగండి. ఏ కథ ఏ సంపుటంలో ఉందో వెతకడానికి శ్రీకాకుళం కథానిలయం వెబ్‌సైటు బాగా పనికొస్తుంది.

ప్రింటుకు అక్షరం 16 పాయింట్లకు తగ్గకూడదు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ. తెలుగు ఒత్తులు చిన్న అక్షరంలో కలిసిపోతాయి, కూడబలుక్కునేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. కాగితం కుడివైపు రెండు అంగుళాలు ఖాళీ వదలండి, పెన్సిలుతో రాసుకోవడానికి. ఆపవలసిన చోట పేజీ తెగేలా ప్రింటు చేసి, మిగతా పేజీలు మీ దగ్గరే ఉంచుకోండి. మొత్తం చేతికిస్తే చురుకైనవాళ్ళు ముగింపు ముందే చదివేసి చెప్పేస్తారు. ఫోన్‌లో పీడీఎఫ్ పంపడం వద్దు, పక్కనే నోటిఫికేషన్లు వస్తుంటాయి.

#15 అక్కయ్యపాలెం_సత్యం

మూడో సందేహానికి నా జవాబు. ఒక్క కథతో మనిషి మారతాడని ఎవరికీ మాటివ్వకండి. మంచి కథ చదివిన వెంటనే ఎదుటివారి మనసు గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, పత్రికలన్నీ రాశాయి. తర్వాత ఇతరులు అదే పరీక్ష మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి వెంటనే కనిపించే ప్రవర్తన మార్పు కోసం చూడవద్దు.

చూడదగ్గవి వేరే ఉన్నాయి. మాస్టారు చెప్పిన కాగితాలను తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టండి. మొదటి వారాల్లో "తప్పు", "ఒప్పు" అని ఒక్క మాట రాసేవాడు, పదో వారానికి "అయితే", "కానీ", "ఒకవేళ" అని రాస్తున్నాడా? తన అభిప్రాయానికి కథలోంచి ఒక వాక్యం చూపిస్తున్నాడా? ఎదుటివాడి మాటను వక్రీకరించకుండా తిరిగి చెప్పగలుగుతున్నాడా? చర్చ తర్వాత రాసినదాంట్లో ఆలోచన మారిందా, మారకపోతే కారణం బలపడిందా? పిల్లల అనుమతితోనే తల్లిదండ్రులకు ఇవి చూపించండి. మార్కులు, బహుమతులు పెట్టకండి. పెట్టిన రోజు నుంచి పిల్లలు మీకు నచ్చేదే రాస్తారు.

#16 మధురవాడ_కథాభిమాని

నేను మొదట వేసిన అభ్యంతరానికి ఇక్కడ చాలావరకు జవాబు దొరికింది, సంతోషం. ఒక్కటి కలుపుతాను. కన్యాశుల్కం (1909 నాటి రెండో కూర్పు) తప్పకుండా పెట్టండి. మొత్తం అక్కర్లేదు, విజయనగరం బొంకులదిబ్బ మీద గిరీశం, వెంకటేశం మాట్లాడుకునే మొదటి రంగం చాలు. పిల్లలు గిరీశాన్ని ఇష్టపడతారు. ఏం చేయాలి అన్నదే నా ప్రశ్న.

#17 గాజువాక_తెలుగుమాస్టారు

ఇష్టపడనివ్వండి. గురజాడ ఆ పాత్రను అంత ఆకర్షణగా కావాలనే చేశాడు, ఆకర్షణ లేని మోసగాడు ఎవరినీ మోసం చేయలేడు. "గిరీశం చెడ్డవాడు" అని మీరు ముందే చెబితే, అలాంటివాడు నిజంగా ఎదురైనప్పుడు పిల్లవాడు గుర్తుపట్టలేడు.

రంగాన్ని ఇద్దరి చేత పాత్రలుగా చదివించండి, పన్నెండు నిమిషాలు. మిగతా పదిమందికీ కాగితం మధ్యలో నిలువు గీత గీసుకోమనండి. ఎడమవైపు గిరీశం చెప్పుకునే గొప్పలు, కుడివైపు ఆ రంగంలో అతనికి నిజంగా కావలసినవి. ఎడమవైపు త్వరగా నిండుతుంది. కుడివైపు రాయడానికి రెండోసారి చదవాలి. అప్పులవాళ్ళ నుంచి తప్పించుకుని ఊరు దాటాలి, దానికి ఒక ఇల్లు కావాలి, ఆ ఇల్లు వెంకటేశానిది. పరీక్ష తప్పిన కుర్రవాడి భయం గిరీశానికి ఎలా పనికొచ్చిందో అప్పుడు బయటపడుతుంది.

తర్వాత వెంకటేశం పాత్ర చదివినవాణ్ణి అడగండి, గిరీశాన్ని కాదు. ఏ మాట దగ్గర నీకు అతని మీద నమ్మకం కుదిరింది? ఆ మాట కింద గీత గీయించండి. మిగతావాళ్ళూ తమ తమ కాగితాల మీద గీస్తారు, అందరిదీ ఒకే వాక్యం కాదు. ఎవరిది ఎక్కడో పోల్చి చూసుకోవడానికి ఎనిమిది నిమిషాలు ఇవ్వండి. ఆ వారానికి అంతే, మధురవాణి దాకా వెళ్ళవద్దు. ఆఖరి అంకంలో ఆమె, సౌజన్యారావు పంతులు ఎదురెదురుగా ఉన్న రంగానికి ఇంకో గంట పూర్తిగా కావాలి. అది చదివించేటప్పుడు ఆమె పాత్రకు, ఆగి ఆగి, తొందర లేకుండా చదివే అమ్మాయిని ఎంచుకోండి.